చౌడు మిద్దె మీద అల్యూమినియం కాళ్ళు

నన్ను రాయలసీమకు పంపింది భక్తీ కాదు, సరదా కాదు. ఒక ఫోటో. కర్నూలు డీలరు నా ఫోనుకు పంపాడు. సోలార్ పలకలను మోసే అల్యూమినియం కాలు అది. పాదం దగ్గర ఎలుకలు కొరికిన బెల్లం అచ్చులా ఉంది, చుట్టూ తెల్లటి పొడి రాలి ఉంది. కింద ఒకే వాక్యం: "సార్, మీ పూత యవ్వారం ఇట్లుండాది."

విశాఖపట్నంలో నాకో షెడ్డు ఉంది. అల్యూమినియం కడ్డీలను యాసిడ్ తొట్టెలో దించి, కరెంటు పంపి, వాటి ఒంటి మీద గట్టి పొర పెంచడం మా పని. దాన్నే ఆనోడైజింగ్ అంటారు. అల్యూమినియం గాలి తగలగానే తనంతట తనే ఒక పలుచని పొర కట్టుకుంటుంది. మేం ఆ పొరనే మందం చేసి, చివర మరిగే నీళ్ళలో ఉంచి దాని సందులు మూసేస్తాం. ఆ పొర ఉన్నంతకాలం లోపలి లోహం జోలికి ఏదీ రాదు. సముద్రానికి ఎదురుగా ఉన్న మేడల్లో నేను పూత వేసిన కిటికీలు ఏళ్ళ తరబడి ఉప్పుగాలి తింటూ నిలబడి ఉన్నాయి. పక్కనే ఇనుప గేట్లు పొరలు పొరలుగా రాలిపోతున్నా వాటికి మచ్చ పడలేదు. అలాంటిది వాన చుక్క కోసం మొహం వాచిన ఎండు సీమలో నా పూత పోయిందా! కోపంతో ఆ పూట అన్నం సయించలేదు. డీలరు పెట్టిన చోట్లన్నీ నా కళ్ళతో చూస్తానని చెప్పి, భూతద్దం, ఒక మేకు, రెండు జతల బట్టలు సంచిలో వేసుకుని బయలుదేరాను.

మంత్రాలయంలో పోయిన చెప్పులు

తుంగభద్రలో మునిగితే కోపం తగ్గుతుందని రైల్లో ఒకాయన సలహా ఇచ్చాడు. మునిగాను. నిజంగానే కాస్త తగ్గింది. గట్టు ఎక్కేసరికి చెప్పులు లేవు. తగ్గినదానికి రెండింతలు పెరిగింది. మఠం వీధిలో నూట ఇరవై రూపాయలకు ప్లాస్టిక్ చెప్పులు కొన్నాను, అవి మొదటి అడుగు నుంచే వేలు సందున కొరకడం మొదలుపెట్టాయి.

డీలరు సోలార్ పెట్టిన వసతిగృహం ముందే గిరిజమ్మ కాఫీ బంకు. ఆమె తెలుగు మాట్లాడుతుందో కన్నడం మాట్లాడుతుందో ఆమెకే పట్టదు. నేను పదిహేను రూపాయలు ముందే తీసి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"దుడ్లు యాడికి పోతాయప్పా, ముందు తాగు. మొగం చూస్తే ఎవురినో కొట్టేకి వచ్చినట్లుండాది."

"కొట్టడానికే వచ్చానమ్మా. ముందు ఎవర్ని కొట్టాలో తెలియాలి."

ఆమె పగలబడి నవ్వి, ఇంకో అర గ్లాసు కాఫీ ఊరికే పోసింది. మా వైపు బంకుల్లో ఊరికే పోసేది నీళ్ళే.

మేడ ఎక్కి చూశాను. పలకల కాళ్ళు సిమెంటు దిమ్మెల మీద, ఇనుప బోల్టులతో శుభ్రంగా నిలబడి ఉన్నాయి. మేకుతో గీశాను, గీత పడలేదు. భూతద్దం పెట్టి పాదాల దగ్గర మోకాళ్ళ మీద వెతికాను. ఏ మచ్చా లేదు. ఫోటోలో ఉన్నదీ ఇదీ ఒకే తొట్టెలో, ఒకే రోజు పూత పడిన సరుకు. పరిమళ ప్రసాదం పొట్లం కొనుక్కుని, గర్వంగా, కుంటుకుంటూ బస్సెక్కాను.

కర్నూలు, ఉగ్గాని, ఒక అబద్ధం

డీలరు మంచి మాటకారి. నేను దుకాణంలో అడుగు పెట్టగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించాడు. మేం మరమరాలనేవాటిని ఇక్కడ బొరుగులంటారు. వాటిని నానబెట్టి, పిండి, తాలింపు వేసి, పైన పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. ప్లేటు నలభై రూపాయలు, మా ఊళ్ళో దీనికి ఎనభై తీసుకున్నా ఇస్తాను. బజ్జీ మాత్రం కొరకగానే నెత్తిన నిప్పు పెట్టినట్టయింది. కళ్ళ నీళ్ళతో, ముక్కు తుడుచుకుంటూ తగువు మొదలుపెట్టాల్సి వచ్చింది. కోపం చూపించడానికి అంతకన్నా అన్యాయమైన అవతారం ఉండదు.

"ఆ కాళ్ళు దేంట్లో నిలబెట్టారు?" అని అడిగాను.

"అందరికీ ఏసినట్లే సార్. దాంట్లో ఏముండాది?"

"సిమెంటు దిమ్మె వేశారా?"

"మీరు ఫికర్ పడొద్దండి సార్, పని పక్కా. పూతలోనే ఏదో తేడా ఉండాది. మిగిలిన సరుకు ఎనక్కి పంపిస్తాండా."

అడిగినదానికి అవునూ కాదూ లేకుండా ఎలా తప్పించుకుంటాడో అప్పుడే గమనించి ఉండాల్సింది. కానీ "పూతలోనే తేడా" అన్న మాటతో నా ఒళ్ళు మండిపోయింది. బజ్జీ సగంలో వదిలేసి లేచాను. పాడైన ఇల్లు ఎక్కడుందో ఒక కాగితం మీద రాసిచ్చాడు, బద్వేలు దాటాక ఒక పల్లె. దారిలో వేంపల్లె దగ్గర ఇంకో చోటు ఉందన్నాడు. అదీ చూసే పోదామనుకున్నాను.

వేంపల్లె తోటలో

ఇక్కడి ఇనుప గేట్లను చూస్తే నాకు కడుపు మండింది. తాతల నాటివి, రంగు ఎరగనివి, నిక్షేపంగా ఉన్నాయి. మా ఊళ్ళో ఏడాదికోసారి రంగు వేయించుకునే వాళ్ళం ఎవరికి చెప్పుకోవాలి!

ఓబుళరెడ్డి అరటి తోటలో బోరుకు సోలార్ పెట్టుకున్నాడు. నేను చెప్పకుండా వెళ్ళినా, ఎందుకొచ్చావని అడగకముందే కాళ్ళకు నీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. ముద్ద రాగి సంగటి, ఊరిబిండి, మీద నెయ్యి. సంగటిని నేను నమలబోతే ఆయన కంగారుపడ్డాడు.

"నమిలేది కాదప్పా, మింగల్ల! ఊరిబిండిలో అద్దుకో, జారిపోతాది."

వేరుశనగ పచ్చడి మేమూ చేస్తాం, దోసెల కోసం నీళ్ళగా. ఇది ముద్దకు అంటుకుని నిలిచే గట్టి పచ్చడి. నాలుగు ముద్దల తర్వాత నా గొంతుకూ దారి తెలిసింది.

తోటలోని కాళ్ళు కూడా బాగానే ఉన్నాయి. నేను ఫోటో చూపించాను. ఆయన ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఇది మట్టి మిద్దె కదప్పా. మిద్దె మీద గుంత తీసి పూడ్చినారు. చూడు, సిమెంటు యాడుండాది?"

నిజమే. కాలు నేరుగా తెల్లని మట్టిలోంచి లేచి ఉంది. నేను ఇన్ని రోజులూ పాడైన లోహాన్నే చూశాను కానీ దాని కింద ఏముందో చూడలేదు. మాది పెంకుల దేశం, స్లాబుల దేశం. ఇంటి పైకప్పును మట్టితో పరుస్తారని నేను వినలేదు. అయినా మట్టి లోహాన్ని ఇంత త్వరగా తినదే అని దారంతా గొణుక్కుంటూనే పోయాను.

బద్వేలు దాటాక

పల్లె చివర, చర్చి వెనక వీధిలో ఆ ఇల్లు. రాతి గోడలు, మట్టి మిద్దె. గుమ్మంలోనే మంచం. మంచం మీద దానియేలు, ముక్కుకు సన్నని గొట్టం. పక్కన గాలిని వడగట్టి ఇచ్చే ఆక్సిజన్ మిషన్ గుయ్యిమంటోంది. ఆయన భార్య మార్తమ్మ నాకు స్టూలు వేసింది.

ఇంట్లో నేల పేడతో అలికిన మట్టి నేల. అది చూసి నాకు మళ్ళీ చిర్రెత్తింది. ఈ జిల్లాలో బండలకు కొదవేముంది? టీ బంకు మెట్టు బండ, గొడ్ల తొట్టి బండ, బట్టలుతికేది బండ. ఊపిరి ఆడని మనిషిని పెట్టుకుని దుమ్ము లేచే మట్టినేల ఏమిటి?

"ఓ నాలుగు బండలు పరిపించుకోవచ్చు కదమ్మా?" అన్నాను.

ఆమె భర్త వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయప్ప రానియ్యడు సార్. ఆ బండ నా గడప తొక్కగూడదు అంటాడు."

దానియేలు ఎర్రగుంట్ల వైపు ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో వయసంతా పనిచేశాడు. నీళ్ళు పోస్తూ అరగదీస్తే దుమ్ము లేవదు. అంచులు కోసేటప్పుడు మాత్రం పొడిగానే కోసేవారట, త్వరగా అవుతుందని. ఆ దుమ్మంతా ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయింది.

"ముక్కుకు గుడ్డ కట్టుకోమన్యారు," అన్నాడు ఆయన, మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటూ. "కట్టుకున్యా. గుడ్డ తెల్లగయ్యేది. దులిపి... మళ్ళా కట్టుకునేది."

అంతలో కరెంటు పోయింది. మిషన్ ఆగింది. ఆయన మాట మింగేసి మిషన్ మీది చిన్న దీపం వైపే చూశాడు. మార్తమ్మ చేతిలోని చేట అలాగే ఆగిపోయింది. టక్కుమని బ్యాటరీ అందుకుంది. ఆకుపచ్చ దీపం వెలిగింది, మిషన్ మళ్ళీ గుయ్యిమంది. అప్పుడు ముగ్గురం ఊపిరి పీల్చాం. ఆ బ్యాటరీని నింపేవి మిద్దె మీది పలకలు. ఆ పలకలను మోసేవి నా కాళ్ళు. ఇక్కడ కరెంటు రోజూ పోతుందట, గాలి లేస్తే పూటంతా రాదట. నేను నా పరువు కోసం ఇంత దూరం వచ్చాను. ఈ ఇంటికి అది ఊపిరి.

మిద్దె మీద

నిచ్చెన ఎక్కి మిద్దె మీద అడుగు పెట్టానో లేదో కింది నుంచి అరుపు.

"చెప్పులు ఇడ్సు సార్! మిద్దె పగులుతాది!"

మంత్రాలయం చెప్పులను విసిరేసి వట్టి కాళ్ళతో కాలే మట్టి మీద గెంతుతూ పోయాను. నాలుగు కాళ్ళలో వెనక రెండూ పాదం దగ్గర దాదాపు తెగిపోయి ఉన్నాయి. మార్తమ్మ వాటిని ప్లాస్టిక్ తాడుతో పిట్టగోడ రాయికి కట్టింది. మొదటి గాలివానకు ఆ పలకలు వీధిలో ఉంటాయి. దక్షిణాన అప్పటికే మబ్బు పట్టింది.

మట్టి తెల్లగా, పిండిలా ఉంది. చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. చాకలి సోడా! ఉమ్మేసి కేకపెట్టాను.

"ఇదేం మన్నమ్మా?"

"చౌడు గద సార్," అంది ఆమె నిచ్చెన చివర తల ఎత్తి. "వానలకు ముందు ఏటేటా తెచ్చి పరుస్తాము. తడిపి దిమ్మిస్తే నీళ్ళు దిగవు. ఊరంతా ఇదే."

చేతిలోని మేకు మట్టిలో గుచ్చి అక్కడే చతికిలబడ్డాను. సముద్రపు ఉప్పుకు లొంగని నా పొర సోడాకు లొంగిపోతుంది. ఎండగా ఉన్నంతసేపు చౌడు ఏమీ చేయదు. తడిస్తే ముందు పొరను కరిగిస్తుంది, తర్వాత లోహాన్ని బుడగలు బుడగలుగా తింటుంది. ఈ ఇంట్లో దాన్ని ఏటా తడిపి, కాళ్ళ చుట్టూ గట్టిగా దిమ్మించి, పైన వాన పడనిచ్చారు.

"ఈ కాళ్ళు ఇందులో పూడ్చమన్నది ఎవరు?"

"కర్నూలోళ్ళే గుంతలు తీసి పెట్టి పోయినారు. సిమెంటు ఎందుకమ్మా, మీ చౌడే సిమెంటు మాదిరి ఉంటాది అన్యారు. నేను ఇంగా నాలుగు గంపలు ఎక్కువే పోసి దిమ్మిచ్చినా, గాలికి కదలగూడదని."

కాళ్ళ పై భాగం కూడా మసకబారి, చేతికి గరుకుగా తగిలింది. అక్కడికి మట్టి అందదు కదా అని అడిగాను.

"ఆదివారం ప్రార్థనకు పోయే ముందు ఎక్కి తోముతాను సార్. సత్తు బోకులు తోమినట్ల, చౌడుతోనే. తళతళమంటాది."

నా నోరు అదుపు తప్పింది. "ఎవరు తోమమన్నారు! ఆ తళతళ శుభ్రం కాదు, చర్మం ఒలిచిన తళతళ! నేను గట్టిచేసి పంపిన దాన్ని వారం వారం మీ చేత్తో మీరే ఒలిచారు!"

ఆమె నిచ్చెన దిగలేదు. మిగిలిన రెండు మెట్లూ ఎక్కి నా ఎదురుగా నిలబడింది.

"గట్టిగా మాట్లాడొద్దండి సార్, కింద ఆయప్ప ఇంటాడు. ఇది నా మొగుని ఊపిరి. దాన్ని మురికిగా పెట్టుకుంటానా నేను? తోమొద్దని ఒక్కరు... ఒక్కరు చెప్పినారా నాకు?"

ఎవరూ చెప్పలేదు. కొనేవాళ్ళకు మేకుతో గీసి చూపించే వాళ్ళమే అందరం, ఆమెకు ఆ ఒక్క ముక్క చెప్పిన వాడు లేడు. ఆ పూట వంటింట్లో ఒక చెంబు వేడి నీళ్ళలో చౌడు కలిపి, తెగిన కాలు ముక్కను అందులో వేసి చూపించాను. లోహం మీద సన్నటి బుడగలు లేచాయి. ఆమె చాలాసేపు వంగి చూసింది. తర్వాత గూట్లోని సత్తు గిన్నెల వైపు చూసింది. అవీ అల్యూమినియమే.

"ఇవి కూడా అరిగిపోతాండాయా?"

"అరిగిపోతున్నాయమ్మా."

డీలరుకు ఫోను చేశాను. చౌడు సంగతి చెప్తే, ఆ పల్లె వాళ్ళ మట్టికి తానేం చేస్తాడన్నాడు. కర్నూలు జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి, మిద్దె మీద చౌడు పరుస్తారని తనకు తెలియదన్నాడు! మూడు సిమెంటు మూటలు మిగుల్చుకోవడానికి ఒక మనిషి ఊపిరిని సోడాలో పాతిపెట్టాడు. నేను నా వయసు మరచి తిట్టాను. వీధిలో వాళ్ళు ఇళ్ళలోంచి బయటికి వచ్చి విన్నారు. ఇది రాసే నాటికి ఆయన నా ఫోను ఎత్తడం మానేశాడు. నేను చేయడం మానలేదు.

బండలు

బద్వేలులో తలుపులూ కిటికీలూ చేసే మస్తాన్ డ్రిల్లు మిషన్ తీసుకుని వచ్చాడు. చౌడు తినేసిన చివరలను కోసేసి, కాళ్ళను పొట్టి చేసి, మట్టికి తగలకుండా నిలబెట్టాలి. సిమెంటు దిమ్మె పోస్తే ఆరడానికి రోజులు కావాలి, మబ్బు అంత ఆగేలా లేదు. పైగా మళ్ళీ గుంత తీస్తే మిద్దె కారుతుంది. చౌడు తీసేద్దామన్నా కారుతుంది. నాకు ఒక్క దారే కనిపించింది. మందపాటి బండలను మిద్దె మీద పరిచి, పాత ట్యూబు రబ్బరు వేసి, దాని మీద కాళ్ళు బిగించి, ఇంకో బండ బరువు పెట్టాలి.

దానియేలుతో చెప్పాను. ఆయన మంచం పట్టీ పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"వద్దు."

"మిద్దె మీదే పెద్దాయనా, ఇంట్లోకి కాదు."

"వద్దప్పా. ఇంట్లో అయినా... నెత్తి మీద అయినా. పలకలు పడిపోతే పోనీ. ఆ బండ కింద నేను పండుకోను."

దగ్గు అందుకుంది. మార్తమ్మ వీపు రాసింది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆయన మీద కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్న వాడి మీద, చౌడే సిమెంటన్న వాడి మీద. ఆ ఇద్దరికీ ఈ రోజు హాయిగా ఊపిరి ఆడుతోంది.

దగ్గు తగ్గి ఆయనకు కునుకు పట్టాక మార్తమ్మ నన్నూ మస్తాన్‌నూ పెరట్లోకి రమ్మంది.

"బండలు తెచ్చెయ్యండి. ఆయప్ప మిద్దె ఎక్కలేడు. చూడడు."

మస్తాన్ ఆటోలో పాలిష్ బండల ముక్కలు వచ్చాయి. చప్పుడు కాకుండా దించాం. ఆమె ఒక్కొక్కటీ నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. రబ్బరు జారకుండా ఉంటుందని గరుకు వైపు పైకి ఉంచుదామన్నాను. మొదటి బండను అలాగే, నునుపు వైపు చౌడుకు ఆనించి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఆమె, మస్తాన్ దించారు. ఎంత మెల్లగా దించినా బండ బండే. టంగుమంది.

మిద్దె మధ్యలో వెలుతురు కోసం వదిలిన గవాచి ఉంటుంది ఈ ఇళ్ళకు. అందులోంచి ఆయన గొంతు వచ్చింది.

"ఏమే. బండ తెచ్చినావా?"

మార్తమ్మ గవాచి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అబద్ధం చెప్తుందనుకున్నాను.

"తెచ్చినా," అంది. "నీ ఊపిరి తిన్న బండే. ఇప్పుడు మొయ్యనీ."

కింద మిషన్ గుయ్యిమంటూనే ఉంది. దానియేలు ముక్కుగొట్టం పీకేస్తాడేమోనని నిచ్చెన వైపు పరుగెత్తబోయాను. మళ్ళీ ఆయన గొంతే ఆపింది.

"యా మొగం పైకి పెట్టినారు?"

"గరుకుది," అన్నాడు మస్తాన్.

ఆయన కాసేపు గాలి పీల్చుకున్నాడు.

"పాలీస్ మొగం పైకి పెట్టండప్పా. దాని కోసరం... ఇంత అయింది. మట్టిలో పెట్టొద్దండి."

మస్తాన్ నా వైపు చూశాడు. నేనూ ఒక చెయ్యి వేశాను, ఈసారి మార్తమ్మ వద్దనలేదు. ముగ్గురం కలిసి బండను తిరగేశాం.